పాదరసపు మనిషి వెనుక కవలలు

‘టెర్మినేటర్ 2’ (1991) చూసినవాళ్ళు కటకటాల సన్నివేశాన్ని మరిచిపోరు. పోలీసు దుస్తుల్లో ఉన్న రోబో టీ-1000 ఇనపచువ్వల మధ్యనుంచి అలా జారి అవతలికి వచ్చేస్తాడు. చేతిలోని తుపాకీ మాత్రం చువ్వకు తగిలి టంగుమంటుంది. మనిషంటే ద్రవలోహం గానీ తుపాకీ కాదుగా!

ఈ ద్రవలోహపు రోబో ఆలోచన దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కు మొదటి భాగం (1984) తీసేనాటికే ఉంది. అప్పట్లో సాధనాలు లేక పక్కన పెట్టేశాడు. 1989లో ‘ది అబిస్’ కోసం నీటితో చేసినట్టుండే ఒక జీవిని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ కంప్యూటర్‌లో సృష్టించింది. తెరమీద అది ఉండేది నిమిషంపావే అయినా, దాంతో కామెరాన్‌కు ధైర్యం వచ్చింది.

నన్నడిగితే, అసలు అదృష్టం ఆ రోబో లోహం కావడంలోనే ఉంది. మెరిసే లోహం మీద పడ్డ కాంతి లోపలికి చొరబడదు. ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగిపోతుంది. కాబట్టి దాని రంగంటే చుట్టూ ఉన్నవాటి రంగే. సెట్‌ను నలువైపులా ఫొటోలు తీసి పెట్టుకుంటే చాలు. రోబో ఒంటిమీద ప్రతి బిందువు దగ్గరా ఉపరితలం ఎటు తిరిగి ఉందో చూసి, అక్కడ ఫొటోలోని ఏ భాగం ప్రతిఫలించాలో కంప్యూటర్ లెక్కగట్టేస్తుంది. చర్మంతో ఈ ఆట సాగదు. చీకట్లో వేళ్ళ వెనక టార్చిలైటు పెట్టి చూడండి, వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి. కాంతి చర్మంలోకి దిగి, లోపల చెదిరి, ఇంకెక్కడినుంచో బయటికొస్తుంది. దీన్ని తేలిగ్గా లెక్కగట్టే పద్ధతిని హెన్రిక్ వాన్ జెన్సెన్ బృందం ప్రకటించింది 2001లో, అంటే ఈ సినిమా వచ్చిన పదేళ్ళకు!

నడకకు మాత్రం నిజమైన మనిషే ఆధారం. నటుడు రాబర్ట్ పాట్రిక్ ఒంటినిండా గళ్ళు గీసి, నడిపించి, రెండు కెమెరాలతో చిత్రించారు. గళ్ళ కదలికను బట్టి కంప్యూటర్ బొమ్మకు నడక నేర్పారు. కటకటాల దగ్గర ఇంకో తంటా ఉంది. అక్కడ కనిపించాల్సింది లోహం కాదు, మనిషి ముఖం. అందుకని పాట్రిక్ ముఖాన్ని చిత్రించి, ఆ చిత్రాన్ని కంప్యూటర్‌లోని తల ఆకారానికి అంటించారు. ఆకారం చువ్వల దగ్గర నొక్కుకుపోతే ముఖమూ దాంతోపాటే సాగుతుంది. ఆ ప్రోగ్రాముకు ‘మేక్ స్టిక్కీ’ అని పేరు పెట్టుకున్నారు.

ఇంత హంగామా చేసినా, 137 నిమిషాల సినిమాలో కంప్యూటర్ గీసిన టీ-1000 కనబడేది ఐదు నిమిషాలకు అటూ ఇటూగానే. గుళ్ళు తగిలినప్పుడు ఛాతీమీద వెండిపువ్వులు విచ్చుకుంటాయే, అవి స్టాన్ విన్‌స్టన్ బృందం నురగరబ్బరుతో చేసి, లోహపు మెరుపు పూసి, చొక్కా కింద స్ప్రింగులతో అమర్చినవి.

నాకు అన్నిటికంటే నచ్చినవి కవలల దృశ్యాలు. ‘రాముడు భీముడు’లో ఎన్టీఆర్ ఒక్కరే ఇద్దరయ్యారు. ఇక్కడ లెక్క తిరగబడింది. కాఫీ తాగబోయే ఆసుపత్రి కాపలాదారూ, అతని రూపంలో ఎదుట నిలిచే టీ-1000 కూడా డాన్, డ్యాన్ స్టాంటన్ అనే కవలలు. చివర్లో ఉక్కు కర్మాగారంలో కథానాయిక సారా కానర్లు ఇద్దరు కనబడేచోట లిండా హామిల్టన్ పక్కనున్నది ఆమె కవల సోదరి లెస్లీ. ఒకే మనిషిని ఇద్దరుగా చూపడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకపోయింది.

సారాకు వచ్చే అణుబాంబు పీడకలలో కుప్పకూలే లాస్ ఏంజెలిస్ నగరం కూడా చిన్నసైజు నమూనాలే, గాలి ఫిరంగులతో పేల్చేశారు. విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్‌ను 1992లో ఈ సినిమాకు నలుగురు పంచుకున్నారు. వాళ్ళలో విన్‌స్టన్‌ది బొమ్మలూ మేకప్ పని, జీన్ వారెన్ జూనియర్, రాబర్ట్ స్కోటాక్‌లవి నమూనాల పని. కంప్యూటర్ దృశ్యాలు చూసుకున్నది డెన్నిస్ మ్యూరెన్ ఒక్కడే.