పెద్దమనుషుల పత్రిక

'మేగజీను' అను మాట అరబ్బీ మూలమునుండి వచ్చినది. సరకులు నిలువచేయు కొట్టు అని దాని తొలి అర్థము. ఆ మాటను పత్రికకు పేరుగా పెట్టినవాడు ఎడ్వర్డు కేవ్ అను లండను ముద్రాపకుడు. చెప్పులు కుట్టువాని కుమారుడైన ఈతడు 1731 జనవరిలో 'జెంటిల్మన్స్ మేగజీన్' అను మాసపత్రికను వెలువరించెను. 1922 వరకు ఆ పేరు నిలిచినది.

ఒక ప్రసంగమునకు పనికివచ్చునేమోయని మేము దాని పాత సంపుటములను తెరచితిమి. తెరచిన పని మరచి చదువుచు కూర్చుంటిమి. ధాన్యపు ధరలు, పెండ్లిండ్లు, మరణములు, దివాలా తీసిన వర్తకుల పేర్లు, క్రొత్త పుస్తకములు, పద్యములు అన్నియు ఒక్కచోటనే కలవు. నిజముగా అది కొట్టే! కేవ్ ధరించిన మారుపేరు 'సిల్వానస్ అర్బన్'. మొదటి మాటలో అడవి, రెండవదానిలో నగరము ఉన్నవి. పల్లెకు పట్టణపు కబురు, పట్టణమునకు పల్లె కబురు అందింపవలెనని ఆతని కోరిక. పేరు పురుషులదే అయినను, ఎలిజబెత్ కార్టర్ అను విదుషి పద్యములు అందు అచ్చయినవి.

పార్లమెంటు చర్చలను ప్రచురింపరాదని 1738లో కామన్సు సభ కట్టడి చేసెను. కేవ్ ఊరకుండలేదు. స్విఫ్టు కల్పించిన లిల్లిపుట్టు దేశమును అరువు తెచ్చుకొని, ఇవి ఆ మరుగుజ్జుల సభలోని చర్చలని ప్రకటింపసాగెను. పేర్లు తారుమారయినను పాఠకులు పోల్చుకొనిరి.

కొన్నేండ్లు ఆ చర్చలను వ్రాసినవాడు శామ్యూల్ జాన్సను. అప్పటికి ఆతడింకను నిఘంటుకర్తగా పేరు పొందలేదు. ఆతడు సభలో కూర్చుండి విని వ్రాయలేదు. ఇతరులు తెచ్చిన కొలది వివరములే ఆధారము. మిగిలినదెల్ల ఆతని వాక్పటిమయే. జనులు వానిని అసలు ఉపన్యాసములుగా నమ్ముచున్నారని తెలిసి ఆతడు వ్రాయుట మానెను. 1784లో మరణమునకు కొలదిదినములు ముందు కూడ ఆ రచనలను తలచుకొని పశ్చాత్తాపపడెనట.

రెండువందల యేండ్లకు దగ్గరగా ఆ పత్రికను నిలిపినది పాఠకుని నమ్మకమే. కట్టడిని దాటి ప్రజలకు సభ మాట వినిపించుట సాహసము. వినని మాటను విన్నట్లు చెప్పుట వేరు. మైక్రోఫోను ముందు కూర్చుండు మాకు ఈ రెంటి నడుమనున్న గీటు ప్రతిదినము అవసరమే. శ్రోత మమ్ము చూడడు, మాటనే నమ్మును.