తాత వారబంది, నా టైమ్‌టేబుల్

ముందే చెప్తున్నా, నర్సరీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. తెలుగులో నేను రాసిన పొడుగైన విషయం ఏదన్నా ఉందంటే అది టెన్త్‌లో లేఖారచన ప్రశ్న. ఒత్తులు, దీర్ఘాలు ఎడిటర్ అక్క చూసుకుంటది. విషయం మాత్రం నాదే.

పోయిన సెమ్‌లో నా గూగుల్ క్యాలెండర్ చూసి మా రూమ్మేట్ "ఏందిరా, ఫోన్‌తో హోలీ ఆడినవా?" అన్నాడు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఒంటిగంట దాకా తెల్లగడి ఒక్కటి లేదు. క్లాసులు నీలం, కోడింగ్ ప్రాక్టీస్ ఆకుపచ్చ, ఎన్‌పీటీఈఎల్ కోర్సు పసుపు, హ్యాకథాన్ ఎరుపు, ఈ క్లబ్బు పని ఆరెంజ్. ఒక్కో సబ్జెక్టుకు నలభై నిమిషాలు, అలారం మోగగానే ఇంకోటి. అన్నింటికీ సమానంగా పంచాను కదా, ఇదే బ్యాలెన్స్ అనుకున్నా. చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

నవంబర్‌లో ఒక బుధవారం ల్యాబ్ ఎక్స్‌టర్నల్, రికార్డు సబ్మిషన్, హ్యాకథాన్ రెండో రౌండు ఒక్కరోజే పడ్డాయి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేశా. సాయంత్రం ఏడింటికి తీసి చూస్తే బాపువి పదకొండు మిస్డ్ కాల్స్. తాత పొలం గట్టు మీద జారిపడ్డడు, తుంటి ఎముక విరిగింది. కరీంనగర్‌కే తీసుకొచ్చిన్రు. నా హాస్టల్‌కు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్పత్రిలో పొద్దటి నుంచి ఉన్నడు. ఆపరేషన్‌కు రక్తం కావాలన్నరట. తాతదీ నాదీ ఒకటే గ్రూపు. అందుకే పదకొండు సార్లు చేసిండు బాపు. చివరికి పక్క బెడ్డు పెద్దమనిషి కొడుకు ఇచ్చిండు. నేను పోయేసరికి ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంకో సంగతి, ఆ సెమ్‌లో నాకు పోయిన సబ్జెక్టు ఆపరేటింగ్ సిస్టమ్స్. అంటే, ఉన్న టైమును పనులకు ఎలా పంచాలో నేర్పే సబ్జెక్టు. నవ్వుకోండి.

తాత ఎస్సారెస్పీ కాలువ మీద లష్కర్‌గా చేసి రిటైర్ అయిండు. లష్కర్ అంటే కాలువ వెంబడి తిరుగుతూ తూములు ఎత్తేవాడు, దించేవాడు, గండి పడితే అందరికంటే ముందు చూసేవాడు. రాత్రిళ్లు ఆయన దగ్గర నేనే ఉండేవాణ్ణి. ఒకరోజు షెడ్యూలింగ్ చాప్టర్ ముందేసుకుని కూర్చుంటే "ఏం చదువుతున్నవ్‌రా?" అని అడిగిండు. కంప్యూటర్‌లో పని చేసేది ఒకటే ఉంటది తాతా, పనులు బోలెడు ఉంటయి, ఒక్కోదానికి కొంచెం కొంచెం టైం ఇచ్చుకుంట గుండ్రంగా తిరుగుతది, దాన్ని రౌండ్ రాబిన్ అంటరు అని చెప్పిన.

"గిదేనా? మేం వారబంది అంటం."

వారబంది అంటే వంతులవారీగా నీళ్లివ్వడం. పోచంపాడు దగ్గర గోదావరి మీద కట్టిన శ్రీరాంసాగర్‌కు 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అక్కడ మొదలయ్యే కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. దాని 146వ కిలోమీటరు దగ్గర మన ఊరి డ్యామ్, లోయర్ మానేరు. డ్యామ్‌కు ఎగువన ఉన్న ఆయకట్టు జోన్-1, దిగువది జోన్-2. నీళ్లు చాలినన్ని లేని ఏడు అందరికీ ఒకేసారి వదిలితే ఎవరి మడీ తడవదు. అందుకే కొన్ని రోజులు వీళ్లకు, కొన్ని రోజులు వాళ్లకు. వంతు లేని రోజుల్లో తూములు బంద్.

ఇక్కడిదాకా రౌండ్ రాబినే. నేను అడిగిన, "మరి ఒక్కో రోజే ఇయ్యొచ్చు కదా తాతా, ఎవరూ ఎక్కువ ఎదురుచూడకుండా?" తాత నన్ను జాలిగా చూసిండు.

"ఎండిన కాలువకు ముందు దూప తీరాలె బిడ్డా. కాలువ తాగినంక ఒర్రె తాగుతది, ఒర్రె తాగినంక పొలం. ఒక్కదినం ఇస్తే మొగదల ఉన్నోనికి పారుతది, చివర ఉన్నోనికి తడి గూడ కనవడది."

నాకు అప్పుడు వెలిగింది. మేం చదువుకునే కాంటెక్స్ట్ స్విచ్ ఇదే కదా! ప్రాసెసర్ ఒక పని ఆపి ఇంకో పనికి మారేటప్పుడు, మొదటి పని ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోవాలి, రెండోదాని వివరాలు మళ్లీ తెచ్చుకోవాలి. ఆ కాసేపు అసలు పని ఏదీ నడవదు. టెక్స్ట్‌బుక్ లెక్క ప్రకారం ఒక పనికి ఇచ్చే టైమ్ క్వాంటమ్ 10 నుంచి 100 మిల్లీసెకన్లు, మారడానికి పట్టేది మామూలుగా 10 మైక్రోసెకన్లలోపు. అంటే వెయ్యి పైసల్లో ఒక పైసా కూడా పోదు. అందుకే కంప్యూటర్‌కు చిన్న చిన్న వంతులు పెట్టినా నడుస్తది. కాలువ సంగతి వేరు. నీళ్లు సెకనుకు ఒక మీటరు వేగంతో పోతాయనుకున్నా 146 కిలోమీటర్లు రావడానికి నలభై గంటలు. ఒకరోజు వంతు పెడితే నీళ్లు సగం దారిలో ఉండగానే వంతు అయిపోతది.

మరి నా బుర్ర కంప్యూటర్ లెక్కనా, కాలువ లెక్కనా? డీబీఎంఎస్ మూసి మ్యాథ్స్ తెరిచిన తర్వాత మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు నేను చూసేది మ్యాథ్స్ కాదు, డీబీఎంఎస్ గురించే ఆలోచిస్తుంటా. నలభై నిమిషాల వంతులో సగం కాలువ తాగేసింది. చివరి మడికి, అంటే అసలు కష్టమైన లెక్కకు, ఎప్పుడూ నీళ్లు అందలేదు. సమానంగా పంచిన మాట నిజమే. కానీ అందరికీ సమానంగా ఎండగొట్టిన.

లోయర్ మానేరు గురించి కూడా తాతే చెప్పిండు. మనం సాయంత్రం కట్ట మీదికి పోయి మక్కకంకులు తింటూ సెల్ఫీలు దిగుతాం కానీ, అది అక్కడ ఎందుకుందో నేనెప్పుడూ అడగలేదు. దాని కెపాసిటీ దాదాపు 24 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పై నుంచి కాలువలో, వాగుల్లో వచ్చే నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. కింద పొలానికి కావాల్సింది మాత్రం నిలకడగా పారే నీళ్లు. మధ్యలో ఒక చెరువు ఉంటే ఆ ఎగుడుదిగుళ్లు అది మింగుతది. ఇలాంటివాటిని బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అంటరు. నేను ఇంతకాలం బ్యాలెన్స్ అంటే తక్కెడ అనుకున్నా. ఇక్కడ బ్యాలెన్స్ అంటే మధ్యలో ఉన్న ఖాళీ జాగ.

ఆ ఖాళీ లేకపోతే ఏమైతదో మా అమ్మకు తెలుసు. అమ్మ పుట్టింది ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పుడైతే నిర్మల్ జిల్లా అనాలి, కడెం ప్రాజెక్టు కింది ఊళ్లో. కడెం చిన్నది, 7.6 టీఎంసీలే. అడవిలో గట్టి వాన పడితే వరద గంటల్లో మీదికొస్తది. 1995లో గండి పడింది, అప్పుడు అమ్మ హైస్కూల్లో ఉంది. మళ్లీ 2022 జులైలో, నేను ఇంటర్ ఫస్టియర్, ఉన్న 18 గేట్లలో ఒకటి లేవలేదు. వస్తున్న నీళ్లు బయటికి పోయేవాటికంటే ఎక్కువ. అమ్మమ్మ వాళ్లను ఊరు ఖాళీ చేయించిన్రు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు, అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. కట్ట నిలబడింది. ఇలాంటి ప్రాజెక్టుల్లో వానకాలం నీటిమట్టాన్ని పూర్తిస్థాయి కంటే కిందికే ఉంచడం ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. నింపుకోకుండా నీళ్లు వదిలేస్తరేంది, వేస్ట్ కదా అనుకున్నా. రాబోయే వరదకు జాగ ఉంచడం అది.

సర్వర్లదీ ఇదే కథ. క్యూయింగ్ థియరీలో ఒక సింపుల్ ఫార్ములా ఉంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే, ఒక పని మొత్తం పూర్తికావడానికి పట్టే సగటు టైం, ఒకటిని ఖాళీ శాతంతో భాగించినంత పెరుగుతది. సర్వర్ సగం ఖాళీగా ఉంటే గంట పని రెండు గంటల్లో అవుతది. 80 శాతం నిండితే ఐదు గంటలు. 90 అయితే పది. 95 అయితే ఇరవై! నిండేకొద్దీ మెల్లగా కాదు, ఒక్కసారిగా కూలబడతది. నా క్యాలెండర్ నూటికి నూరు. ఆ లెక్కన కింద సున్నా వస్తది. సున్నాతో భాగిస్తే ఏమైతదో సీఎస్ఈ వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడేం చేస్తున్నా అంటే, గొప్పగా ఏమీ లేదు. రోజుకు రెండే సబ్జెక్టులు, ఒక్కోటి రెండున్నర గంటలు. బుధవారం సాయంత్రం, ఆదివారం తెల్లగడులు. అక్కడ ఏమీ రాయను. వారం మధ్యలో ఏదో ఒక వరద రానే వస్తది, దానికది. హ్యాకథాన్ టీమ్ నుంచి బయటికొచ్చిన, ఒక దోస్తు ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు, అది నిజంగానే బాధ. ఎంట్రన్స్ కోచింగ్ తీసుకుంటూ, ఇంటికి డబ్బులు పంపుతూ చదివే క్లాస్‌మేట్స్ ఉన్నరు. వాళ్లకు వదిలేయడానికి ఏముంటది? ఈ లెక్క వాళ్లకు ఎంతవరకు పనికొస్తదో నాకు తెల్వదు. ఫోన్‌లో మాత్రం బాపు, అమ్మ, తాత నంబర్లకు సైలెంట్ మోడ్ పనిచేయకుండా సెట్టింగ్ మార్చిన. ప్రాసెసర్‌లో కూడా ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్ ఒకటి ఉంటది.

బ్యాక్‌లాగ్ పరీక్ష ఇంకా ఉంది. తాత వాకర్ పట్టుకుని వాకిట్లోకి వస్తున్నడట. నిన్న డీబీఎంఎస్ మధ్యలో ఫోన్ మోగింది.

"యాసంగి నీళ్లు ఇడిసిన్రట. కాలువ దాక పోదామంటే మీ బాపు పోనిస్తలేడు. నువ్వెప్పుడొస్తున్నవ్?"

ఆదివారం వస్తా అన్నా.

"ఆదివారానికి మన తూముకు అందుతయి లే," అన్నడు.