గమనించడం నుంచి నిర్ణయించడం దాకా: అమెరికా నర్సింగులో బ్రిడ్జి కోర్సు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నర్సులందరూ ఒకే శ్రేణికి చెందినవారు కారు. సుమారు ఏడాది శిక్షణ పొంది, ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే పరీక్షలో ఉత్తీర్ణులైనవారు లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సులు. కాలిఫోర్నియా, టెక్సాస్ రాష్ట్రాలలో వీరిని వొకేషనల్ నర్సులంటారు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీనో, నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీనో పూర్తిచేసి ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ పరీక్షలో నెగ్గినవారు సాధారణంగా రిజిస్టర్డ్ నర్సులవుతారు. మొదటి శ్రేణివారు నేర్చినదాన్నే మళ్లీ నేర్వకుండా రెండో శ్రేణికి చేరే మార్గమే బ్రిడ్జి కోర్సు.

ఈ పేర్లను యథాతథంగా తెలుగు చేస్తే పొరపాటు అర్థం వస్తుంది. ‘నమోదిత నర్సు’ అనగానే రెండోవారు నమోదు కానివారని తోస్తుంది. నిజానికి ఇద్దరికీ లైసెన్సు ఉంది. అమెరికాలో శిక్షణ పొందిన నర్సుల పేర్లను నమోదు చేసే తొలి చట్టం 1903లో నార్త్ కరోలినాలో వచ్చింది. 1938 నాటి న్యూయార్క్ చట్టం రెండు శ్రేణులను విడిగా గుర్తించింది. పాత పేరు అలాగే నిలిచిపోయింది. అసలు భేదం మాత్రం ఆయా రాష్ట్రాల నర్సింగ్ చట్టాలు వాడే క్రియాపదాలలో ఉంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. శస్త్రచికిత్స జరిగిన రోగికి నాడి 88 నుంచి 118కి పెరిగింది, రక్తపోటు తగ్గుతోంది, మూత్రం తక్కువగా వస్తోంది, చర్మం చల్లబడింది. ప్రాక్టికల్ నర్సు వీటిని కొలవాలి, నమోదు చేయాలి, మార్పును వెంటనే తెలపాలి. ఈ నాలుగింటినీ కలిపి చూసి, లోపల రక్తస్రావం జరుగుతుండవచ్చని ఊహించి, ముందు ఏం చేయాలో, ఎవరిని పిలవాలో నిర్ణయించి, సంరక్షణ ప్రణాళికను మార్చవలసిన బాధ్యత రిజిస్టర్డ్ నర్సుది. మొదటిది సమాచార సేకరణ, రెండవది మదింపు. ఇరవై ఏళ్ల అనుభవమున్న ప్రాక్టికల్ నర్సుకు ఆ అనుమానం ముందే కలిగి ఉండవచ్చు, కలగడమే సహజం. అయినా చట్టం దృష్టిలో అది మదింపు కాదు. బ్రిడ్జి విద్యార్థికి కష్టమయ్యేది కొత్త పాఠం కాదు, ఈ పాత అలవాటు. కనిపించినదాన్ని పైవారికి తెలిపితే తన పని ముగిసినట్లేనన్న భావనను వదులుకోవలసి వస్తుంది.

2023 ఏప్రిల్ నుంచి రెండు ఎన్‌క్లెక్స్ పరీక్షలూ ఈ నిర్ణయశక్తికి ప్రత్యేక ప్రాధాన్యమిస్తున్నాయి. సంకేతాలను గుర్తించడం, విశ్లేషించడం, కారణాలను ప్రాధాన్యక్రమంలో పేర్చడం, పరిష్కారాలు యోచించడం, చర్య తీసుకోవడం, ఫలితాన్ని బేరీజు వేయడం అనే ఆరు మెట్లుగా ప్రశ్నలు సాగుతాయి.

కోర్సు నిర్మాణం కళాశాలను బట్టి మారుతుంది. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం వంటివి ముందే పూర్తిచేయమని చాలాచోట్ల అడుగుతారు. పూర్వ శిక్షణకు కొంత క్రెడిట్ ఇచ్చి, ఒక సంధి కోర్సు తరువాత విద్యార్థిని పై తరగతుల్లో చేర్చుకుంటారు. సిద్ధాంత పాఠాలు ఆన్‌లైన్‌లో ఉండవచ్చు గాని, రోగుల సమక్షంలో చేసే శిక్షణకు ఆసుపత్రికి వెళ్లక తప్పదు. పదేళ్ల కిందటి విజ్ఞానశాస్త్ర క్రెడిట్లను కొన్ని కళాశాలలు అంగీకరించవు. రాత్రి డ్యూటీ చేస్తూ చదివేవారికి ఇదే పెద్ద దెబ్బ.

కాలిఫోర్నియాలో మరో దగ్గరి దారి ఉంది. వొకేషనల్ నర్సులు 30 యూనిట్లకు మించని చదువుతో, డిగ్రీ లేకుండానే ఆర్ఎన్ పరీక్ష రాయవచ్చు. అయితే ఆ లైసెన్సును ఇతర రాష్ట్రాలు గుర్తించకపోవచ్చు. ఆదా అయిన కాలానికి మూల్యం రాష్ట్రం దాటినప్పుడు తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఈ సమస్య పరాయిది కాదు. జీఎన్ఎం పూర్తిచేసినవారికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ వంతెనలా ఉంది. పల్లె ఉపకేంద్రంలో టీకాలు వేసే, గర్భిణుల రక్తపోటు చూసే ఏఎన్ఎంకు మాత్రం జీఎన్ఎంలో ప్రవేశార్హత దొరుకుతుంది గాని, ఆ మూడేళ్ల కోర్సును ఆమె మొదటి సంవత్సరం నుంచే చదవాలి.