చెనక్కాయ తొక్క, జొన్న బెండు, తోలుబొమ్మ.. చిన్నపిల్లల క్రాఫ్ట్ అంటే టైంపాస్ అనుకుంటున్నారా? అసలు విషయం ఇదీ

'అంగన్‌వాడీకి పంపితే ఏముంది.. మట్టి పిసికి, కాగితాలు అతికించి వస్తాడు. అదే కాన్వెంట్‌కు పంపితే ఏబీసీడీలైనా వస్తాయి.' అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల పల్లెల్లో మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. అప్పు చేసైనా సరే, ఎల్‌కేజీ సీటు కొనే తల్లిదండ్రులున్నారు. మరి ఆ మట్టి పిసకడంలో, కాగితం అతికించడంలో నిజంగా చదువు ఉందా? ఉంటే ఎక్కడుంది? ఇంట్లో అవ్వాతాతలు కూడా చేయించగలిగే పనులేంటి? చేయించకూడనివి ఏంటి? వివరంగా చూద్దాం.

చేయి కుదిరాకే అక్షరం

మూడేళ్ల పిల్లాడికి పలక ఇచ్చి 'అ' దిద్దమంటే ఏమవుతుంది? బలపాన్ని పిడికిలితో పట్టుకుంటాడు. గట్టిగా నొక్కుతాడు. నాలుగు గీతలకే చేయి నొప్పి పుట్టి వదిలేస్తాడు. వాడు మొండివాడై కాదు. వేళ్లలోని చిన్న కండరాలు ఆ పనికి ఇంకా సిద్ధం కాలేదు, అంతే.

మామూలుగా మూడేళ్ల వయసులో పిల్లలు సున్నా చూసి గీయగలుగుతారు. నాలుగేళ్లకు అడ్డం నిలువు గీతలు కలిపి కూడిక గుర్తులాంటిది గీస్తారు. చతురస్రం ఇంకాస్త ఆలస్యంగా, త్రికోణం ఐదేళ్ల ప్రాంతంలో వస్తాయి. పిల్లల్ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. తెలుగు అక్షరాల్లో ఎన్ని మెలికలున్నాయో మనకు తెలుసు. సున్నానే సరిగ్గా రాని చేతితో 'ఋ' రాయించాలనుకుంటే బిడ్డకు ఏడుపే మిగులుతుంది.

క్రాఫ్ట్ పని చేసేది సరిగ్గా ఇక్కడే. మట్టి పిసికితే అరచేతికి బలం వస్తుంది. కాగితం చించితే రెండు చేతులు కలిసి పనిచేయడం అలవాటవుతుంది. గింజను వేలికొసలతో పట్టి అతికిస్తే, రేపు పెన్సిల్ పట్టాల్సిన బొటనవేలు, చూపుడువేలు కుదురుతాయి. అంటే అది రాతకు ముందు పాఠం. ఆ పాఠం దాటేసి నేరుగా రాతకు పోతే పునాది లేకుండా గోడ కట్టినట్టే.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు

మనం ఎల్‌కేజీ, యూకేజీ అంటున్నాం కదా.. అందులో 'కేజీ' అంటే కిండర్‌గార్టెన్. ఆ పద్ధతికి ఆద్యుడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1837లో బ్లాంకెన్‌బర్గ్ పట్టణంలో చిన్నపిల్లల కోసం ఆయన బడి మొదలుపెట్టారు. ఆ పేరుకు అర్థం పిల్లల తోట. ఆయన బడిలో ముఖ్యమైన పనులు ఏంటో తెలుసా? మట్టి బొమ్మలు, కాగితం మడతలు, కాగితపు పట్టీలతో చాప అల్లడం, పుల్లలు గుచ్చి ఆకారాలు కట్టడం. అంటే ఇవాళ 'కేజీ' పేరుతో మూడేళ్ల పిల్లలతో కాపీ రైటింగ్ చేయిస్తున్న చోట, ఆ పేరు పెట్టినాయన అసలు ఉద్దేశమే పక్కకు పోయింది.

మన దేశంలోనూ ఈ దారి వేసినవాళ్లున్నారు. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ పేద, గిరిజన పిల్లల కోసం పల్లె బాలబడులు నడిపారు. ఖరీదైన విదేశీ సామాను పల్లెకు పనికిరాదని, చుట్టుపక్కల దొరికే ఆకులు, గింజలు, గవ్వలతోనే పాఠం చెప్పారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. వాకిలి బడి, అదే అంగన్‌వాడీ.

1975 అక్టోబర్ 2న దేశంలో ఐసీడీఎస్ పథకం మొదలైంది. చాలామందికి అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బాలామృతం మాత్రమే గుర్తొస్తాయి. నిజానికి ఆ పథకంలోని ఆరు సేవల్లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం కూడా ఒకటి.

2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు ముందుకేసింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని చెప్పింది. అంగన్‌వాడీ లేదా ప్రీ స్కూల్ మూడేళ్లను, 1, 2 తరగతులను కలిపి ఒకే పునాది దశగా లెక్కేసింది. 2022 అక్టోబర్‌లో ఈ దశకు పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం 'జాదుయీ పిటారా' పేరుతో ఆట వస్తువుల పెట్టెను విడుదల చేసింది. అంటే మాయాపెట్టె అన్నమాట. బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలు, కార్డులు అందులో ఉంటాయి.

పెట్టె మంచిదే. కానీ పెట్టె వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. అనంత పల్లెలోనే ఒక మాయాపెట్టె ఉంది.

మన ఊరి మాయాపెట్టెలో ఏమున్నాయ్?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేల ఇది. పైకి ఎండిన భూమి కనిపిస్తుంది కానీ, పిల్లల చేతికి ఇవ్వడానికి కావాల్సినంత సరుకు ఉంది.

చెనక్కాయలు: విత్తనం కోసం ఇంటిల్లిపాదీ కూర్చుని కాయలు ఒలిచే అలవాటు ఇక్కడ పాతదే. కాయను రెండు వేళ్ల మధ్య నొక్కి పగలగొట్టడం నాలుగైదేళ్ల పిల్లలకు చక్కటి వేళ్ల కసరత్తు. తొక్కల్ని అట్టమీద వరుసగా అతికిస్తే చేప పొలుసులవుతాయి, కోడి రెక్కలవుతాయి. 'ఒంటి గింజ కాయలు ఇటు, రెండు గింజలవి అటు' అని వేరు చేయిస్తే అదే మొదటి లెక్కల పాఠం. బూజు పట్టిన తొక్కలు మాత్రం వద్దు.

జొన్న బెండు: దంటు పైపొర ఒలిచి, లోపలి బెండు ముక్కలకు పుల్లలు గుచ్చి ఎద్దులబండి, కళ్లద్దాలు చేయడం తాతలకు బాగా తెలుసు. పొర అంచు బ్లేడులా కోస్తుంది. అందుకే ఒలిచే పని పెద్దవాళ్లది, గుచ్చే పని పిల్లలది.

చెరువు మన్ను: ఏరువాక రోజుల్లో మట్టి ఎద్దులు చేసి పూజించే ఆచారం పల్లెల్లో ఉంది. అదే మట్టితో ఎద్దు, రోలు, పొయ్యి, సంగటి ముద్ద చేయించవచ్చు. జల్లించి రాళ్లు, గాజు పెంకులు తీసేసిన మట్టే ఇవ్వాలి.

దారాలు, గుడ్డపీలికలు: ధర్మవరం పట్టు నేసే ఇళ్లలో తెగిన దారాలు, రంగురంగుల ముక్కలు మిగులుతుంటాయి. అట్టకు గాట్లు పెట్టి, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి పట్టీలు దూర్చమంటే చాలు.. పడుగు, పేక అంటే ఏంటో ఐదేళ్ల పిల్లకు చేతితో అర్థమవుతుంది. జర్మనీలో ఫ్రోబెల్ చేయించిన అల్లిక కూడా ఇదే. మన పిల్లలకు అది నాన్న మగ్గం మీద రోజూ కనిపించే పని.

రంగులు: పసుపు, బొగ్గు, ఎర్రమన్ను, సుద్ద, బీట్‌రూట్ రసం ఉంటే పెట్టె నిండినట్టే. బంక కావాలంటే మైదా కొద్దిగా ఉడికిస్తే సరిపోతుంది.

నీళ్ల ఎద్దడి ఉన్న ఊళ్లలో ఇంకో జాగ్రత్త కూడా అవసరమే. ఎండాకాలంలో చించడం, అతికించడం, అల్లడం లాంటి పొడి పనులు పెట్టుకోవాలి. మట్టి పనులు, రంగు పనులు వానలు పడ్డాక చూసుకోవచ్చు. చేతులు కడిగిన నీళ్లు మునగ మొక్కకో, కరివేపాకు చెట్టుకో పోస్తే అది కూడా పాఠమే. ఏ పని చేసినా తినేముందు మాత్రం సబ్బుతో చేతులు కడిగించాల్సిందే.

నిమ్మలకుంట నుంచి తరగతి గదికి

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట పేరు చాలామంది వినే ఉంటారు. తోలుబొమ్మల ఊరు అది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును శుభ్రం చేసి, సాగదీసి ఆరబెట్టి, దానిమీద బొమ్మ గీసి, సన్నటి రంధ్రాలు కొట్టి, రంగులద్దుతారు. తెల్లటి తెర వెనక దీపం పెట్టి ఆడిస్తే రాముడు, హనుమంతుడు కదులుతారు. ఇప్పుడు ఆటలు తగ్గి, ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలతో ఆ కుటుంబాలు బతుకుతున్నాయి.

ఈ కళను చిన్నపిల్లల గదిలోకి తేవడానికి తోలు అక్కర్లేదు. పాత పెళ్లిపత్రిక అట్ట, చీపురుపుల్ల, దారం, పాత పంచె, సెల్‌ఫోన్ టార్చ్ ఉంటే చాలు. టీచర్ కోడి, కుక్క, బస్సు ఆకారాలు కత్తిరించి ఇస్తే పిల్లలు వాటికి కళ్లు, చారలు గీస్తారు. పుల్ల అతికించి తెర వెనక ఆడిస్తారు.

ఇందులో మూడు పాఠాలున్నాయి. మొదటిది సైన్స్. బొమ్మను టార్చ్ దగ్గరికి తెస్తే నీడ పెద్దదవుతుంది, తెరకు ఆనిస్తే చిన్నదవుతుంది. పిల్లలు దీన్ని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేస్తారు. రెండోది భాష. నలుగురి ముందు నోరు విప్పని పిల్ల కూడా తెర వెనక కోడి గొంతుతో మాట్లాడే అవకాశం ఉంటుంది. మూడోది అన్నిటికంటే పెద్దది. మా ఊరి పని గొప్ప పని అనే నమ్మకం.

వలస ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం

వాన లేక, బోరు ఎండిపోయి బెంగళూరుకో, ఇంకో ఊరికో పనికి పోయిన తల్లిదండ్రులు ఈ ప్రాంతంలో కొత్త కాదు. పిల్లలు అవ్వ దగ్గరో, జేజి దగ్గరో ఉంటారు. చదువురాని అవ్వ హోంవర్క్ చేయించలేదు. టీచర్ రోజూ రెండు పేజీలు రాసుకురమ్మంటే ఆ ఇంట్లో అది తిట్లకు, కన్నీళ్లకు దారితీస్తుంది.

కానీ అదే అవ్వకు ముగ్గు వేయడం వచ్చు. పూలు కట్టడం, బొంత కుట్టడం, సంగటి ముద్ద చేయడం వచ్చు. 'రేపు అవ్వతో కలిసి ఒక ముగ్గు వేసి రా' అని టీచర్ చెబితే ఏమవుతుంది? ఆ ఇంట్లో అవ్వే టీచర్ అవుతుంది. చుక్కలు లెక్కపెట్టడం, వరుస కలపడం బిడ్డకు వస్తాయి. చేసింది ఫోటో తీసి అమ్మానాన్నలకు పంపితే రాత్రి ఫోన్‌లో 'తిన్నావా' తర్వాత మాట్లాడుకోవడానికి ఇంకో మాట దొరుకుతుంది. 'ఎన్ని చుక్కలు పెట్టావ్? ఈ ఎద్దు పేరేంటి?' అని అడిగితే చాలు.. దూరంగా ఉన్న నాన్న కూడా పాఠంలో భాగమైనట్టే.

అమ్మ చేసిన ప్రాజెక్టుకు మార్కులెవరికి?

ఇక్కడే ఒక తేడా గమనించాలి. స్టేషనరీ షాపులో చార్టు, థర్మాకోల్, మెరుపుల పొడి కొని, రాత్రి పదకొండింటి దాకా అమ్మ కూర్చుని చేసి పంపే 'ప్రాజెక్ట్' వల్ల బిడ్డకు ఏమీ రాదు. చేయి అమ్మది, మార్కు బిడ్డది, ఖర్చు నాన్నది. తరగతిలో 30 మందీ ఒకేలాంటి గుడ్లగూబ చేసినా అంతే. అది టీచర్ ఆలోచన, పిల్లలది కాదు.

మంచి క్రాఫ్ట్ గుర్తుపట్టడం తేలికే. బొమ్మ వంకరగా ఉంటుంది. ఎద్దుకు ఐదు కాళ్లు ఉండొచ్చు. 'ఇదేంటి?' అని అడిగితే బిడ్డ కథ చెబుతాడు. ఆ కథే అసలు ఫలితం. 'అట్ల కాదురా, ఇట్ల చెయ్' అని లాక్కుని సరిచేయకండి. 'తర్వాత ఏమైంది?' అని అడగండి.

ఇంకో గీత కూడా దాటకూడదు. మగ్గం పని, చెనక్కాయ ఒలుపు పిల్లలకు పది నిమిషాల ఆటగానే ఉండాలి. ఇన్ని శేర్లు ఒలవాలి, ఇన్ని దారాలు చుట్టాలి అని లెక్క పెట్టారంటే అది క్రాఫ్ట్ కాదు, బాలకార్మికమే.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

- మూడేళ్లలోపు పిల్లలకు గింజలు, పూసలు, గుండీలు ఇవ్వొద్దు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఇచ్చినా పక్కనే పెద్దవాళ్లు ఉండాలి. చెనక్కాయ గింజ గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. ముక్కులో, చెవిలో దూర్చుకునే ప్రమాదం కూడా ఉంది.
- గురివింద గింజలు అందంగా ఉంటాయని ఇవ్వొద్దు. నమిలి మింగితే విషం. ఆముదం గింజలు, గన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు కూడా అంతే.
- బొమ్మల్లోని చిన్న గుండ్రటి బ్యాటరీలు పిల్లలకు అందకుండా పెట్టాలి. మింగితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.
- మొన లేని కత్తెర మాత్రమే వాడాలి. మూడేళ్లకు ఊరికే గాట్లు పెట్టడం, నాలుగేళ్లకు గీత వెంట కత్తిరించడం, ఆ తర్వాతే ఆకారాలు.

టీచరమ్మకూ సమయం కావాలి కదా

ఇదంతా చెప్పడం తేలిక. ఒక అంగన్‌వాడీ టీచర్ రోజు ఎలా ఉంటుందో కూడా చూడాలి. పిల్లల బరువు, ఎత్తు కొలవాలి. గర్భిణులు, బాలింతల లెక్కలు చూడాలి. సరుకుల రిజిస్టర్ రాయాలి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి. ఆ పైన సర్వేలు. వీటన్నిటి మధ్య మిగిలిన సమయమే పిల్లల పాఠానిది. 2023 డిసెంబర్ 12న మొదలై 42 రోజులు సాగిన రాష్ట్ర అంగన్‌వాడీల సమ్మెలో జీతం, గ్రాట్యుటీ డిమాండ్లే ప్రధానంగా వినిపించాయి. అయితే చిన్నపిల్లల చదువు నిలబడాలంటే టీచర్ జీతంతో పాటు టీచర్ సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈలోగా తల్లిదండ్రులు, అవ్వాతాతలు చేయగలిగింది ఒకటుంది. నెలకోసారి ఒక గంట సెంటర్‌కు వెళ్లండి. తాత జొన్న బెండుతో బండి చేసి చూపిస్తారు. మగ్గం నేసే అన్న నాలుగు దారాలు తెచ్చి అల్లిక చూపిస్తాడు. అవ్వ ఒక కథ చెబుతుంది. రూపాయి ఖర్చు లేదు. ఇంటికొచ్చిన బిడ్డను 'ఈరోజు ఏం రాశావ్?' అని కాకుండా 'ఈరోజు ఏం చేశావ్?' అని అడిగి చూడండి.