గుంట చేపకు మార్కెట్ రేటు లేదు, లెక్క మాత్రం వుంది
బాపట్ల శాస్త్రజ్ఞుడు వేసిన పెట్టుబడి పద్దు

గుంటూరు: యార్డుకు వచ్చిన మిర్చికి ఏ రోజుకారోజు ధర పలుకుతుంది. పత్తికి క్వింటాలు లెక్క, రొయ్యకు కౌంటు లెక్క. ఇంటి వెనుక గుంటలో పెంచిన చేపకు మాత్రం ఏ ధరవరల పట్టికలోనూ చోటు లేదు. ఆ చేప మీదనే దశాబ్దాలపాటు పరిశోధన సాగించి 2005లో ప్రపంచ ఆహార బహుమతి పొందిన డాక్టర్ మోదడుగు విజయ్ గుప్తా మన ప్రాంతం వారే. అప్పటి గుంటూరు జిల్లా బాపట్లలో 1939లో జన్మించారు. బహుమతి మొత్తం 2,50,000 డాలర్లు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

వాణిజ్య పుటలో ఆయన ప్రస్తావనకు కారణం బహుమతులు కావు. సన్నకారు రైతు పెట్టుబడి గురించి ఆయన పరిశోధన తేల్చిన లెక్క మన పత్తి, మిర్చి, రొయ్యల రైతులకు పనికివచ్చేది కావడమే.

మూడు అంతస్తుల చెరువు

చేపల పెంపకంలో మన దేశానికి తొలి మలుపు 1957లో వచ్చింది. ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి హార్మోను ఇంజెక్షన్‌తో చేపల చేత గుడ్లు పెట్టించారు. అంతవరకు పిల్లల కోసం నదుల మీద ఆధారపడవలసి వచ్చేది. 1971లో మిశ్రమ చేపల పెంపకంపై అఖిల భారత పథకం ప్రారంభమైంది. గుప్తా అందులో పనిచేశారు. సూత్రం తేలికైనదే. బొచ్చె పై నీటిలో మేస్తుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ఒకదాని మేతకు మరొకటి పోటీ రాదు. ఒకే చెరువులో మూడు అంతస్తుల మేత ఖర్చుకు వస్తుంది. హెక్టారుకు వందల కిలోల్లో వుండే దిగుబడి ఈ పద్ధతితో టన్నుల్లోకి పెరిగింది.

అయితే ఏడాది పొడవునా నీరుండే చెరువు వున్నవారికే ఈ పద్ధతి అనుకూలం. గుంట మాత్రమే వున్నవారి సంగతి ఏమిటన్న ప్రశ్నకు సమాధానం బంగ్లాదేశ్‌లో దొరికింది.

నీరున్నన్ని నెలలే

బంగ్లా పల్లెల్లో ఇల్లు కట్టడానికి, రోడ్డు ఎత్తు చేయడానికి మట్టి తీసిన గుంటలు అసంఖ్యాకం. వాటిలో నీరు కొన్ని నెలలే నిలుస్తుంది. 1980ల ద్వితీయార్ధం నుంచి గుప్తా అక్కడి రైతుల గుంటల్లోనే ప్రయోగాలు చేశారు. మూడు నుంచి ఆరు నెలల్లో చేతికి వచ్చే సిల్వర్ బార్బ్, తిలాపియా రకాలను ఎంచుకున్నారు. మేత తవుడు, ఎరువు పేడ, మిగతాది వంటింటి వ్యర్థాలు. గుంట ఇంటి పక్కనే కాబట్టి పని ఎక్కువగా ఆడవారే చూసుకున్నారు.

హెక్టారుకు సుమారు 300 కిలోలున్న దిగుబడి అనేక చోట్ల ఏడాది తిరగకముందే 2,500 కిలోలు దాటింది. మన లెక్కలో చెప్పాలంటే ఎకరాకు 120 కిలోల నుంచి 1,000 కిలోలకు. అంటే 5 సెంట్ల గుంటకు 50 కిలోలు. కొంత ఇంట్లో తిన్నారు, కొంత అమ్ముకున్నారు. చేప పోయినా అప్పు మిగలలేదు, ఎందుకంటే కొన్నది తక్కువ.

మన పద్దు వేరు

ఈ చివరి మాటే మన జిల్లాలకు ముఖ్యం. 1987-88లో తెల్లదోమ విజృంభించి పత్తి పోయినపుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పంట పోవడం ఒక్కటే కారణం కాదు. పురుగుమందులు అరువు మీద తెచ్చి కొట్టినవి. తీరంలో రొయ్య కూడా ఆ దారిలోనే నడిచింది. 1994లో తెల్లమచ్చ తెగులు చెరువులను ఊడ్చేసింది. 2009 తర్వాత వనామీ వచ్చి పరిశ్రమను నిలబెట్టినా పిల్ల, మేత, మందు, కరెంటు అన్నీ కొనుగోలువే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఆ సెగ చెరువు గట్టు వరకు వచ్చింది. దిగుబడి ఎంత అనేది సగం లెక్కే. అందులో బయట కొన్నది ఎంత అనేది మిగతా సగం.

జాగ్రత్తలు

బంగ్లా పద్ధతిని వున్నదున్నట్లు ఇక్కడ దించుకోవడం కుదరదు. మొదటి అడ్డంకి పురుగుమందు. పత్తి, మిర్చి మీద కొట్టే సింథటిక్ పైరిత్రాయిడ్లు అతి కొద్ది మోతాదులోనే చేపలను చంపుతాయి. పొలం నీరు దిగే పల్లంలో గుంట తీస్తే పెంపకం సాగదు. రెండవది తిలాపియా. 1952లో మన దేశానికి వచ్చిన మొజాంబిక్ రకం విపరీతంగా పిల్లలు పెట్టి చెరువులను నింపింది, చేప మాత్రం ఎదగలేదు. అందువల్ల ఇప్పుడు తిలాపియా పెంపకానికి ప్రభుత్వ అనుమతి, షరతులు వున్నాయి. మత్స్యశాఖను అడగకుండా పిల్లను వదలరాదు.

ప్రకాశం మెట్టలో వాన నీటి కుంటలకు, సేద్యపు గుంటలకు కొదవ లేదు. గుంట చేప మీద వర్తకులకు కమీషను రాదు, ఎగుమతి జరగదు. కాని మిర్చి ధర పడిపోయిన యేడు ఇంట్లో కూరకు, చిల్లర ఖర్చుకు అది ఆధారం. ఈ పని తలపెట్టే రైతు మొదట చూసుకోవలసింది చేప ధర కాదు. తన గుంటలో నీరు ఎన్ని నెలలు నిలుస్తుంది, ఆ నీటిలోకి పక్క పొలం మందు దిగుతుందా అన్న రెండు సంగతులు.