చదవలేని పిల్లవాడు – మన బాధ్యత

"వీడికి చదువు రాదు" అనే మాట మన బడుల్లో ఒక తీర్పు. రెండో తరగతికి వచ్చినా వాక్యం చదవలేని పిల్లవాణ్ణి మొద్దు అంటారు, వెనక వరసలో కూచోబెడతారు. ఈ తీర్పు ఎవరి పిల్లల మీద ఎక్కువగా పడుతోందో గమనించాలి. ఇంట్లో పుస్తకం లేని, దగ్గర కూచోబెట్టుకుని చదివించే తీరిక తల్లిదండ్రులకు లేని శ్రమజీవుల పిల్లల మీదే పడుతోంది. ఇది ఉపాధ్యాయుల సమస్య అని రచయితలు తప్పుకోవడానికి వీల్లేదు. పిల్లవాడు తడబడుతున్నది మనం రాసే భాష దగ్గరే.

చదవడంలో రెండు పనులున్నాయి. గీతను ధ్వనిగా మార్చుకోవడం ఒకటి. ఆ ధ్వనిలో తనకు తెలిసిన మాటను గుర్తుపట్టడం రెండోది. మొదటి పనే తేలిక కాదు. 36 హల్లులకు గుణింతాలు కడితే 400 పైచిలుకు రూపాలవుతాయి. ప–వ, మ–వు వంటి జంటల తేడా చిన్నపిల్లల కంటికి వెంటనే అందదు. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరాల పోలికే ఉండదు. అయినా అక్షరాభ్యాసంలో పిల్లవాడికి చూపించే మొదటి మాట "అమ్మ". అందులో మ వత్తు ఉంది. వత్తుల పాఠం ఎంతో తర్వాత గాని రాదు. అంతవరకూ పిల్లవాడు ఆ మాటను బొమ్మలాగా గుర్తుపెట్టుకుంటాడు. మనం చదివాడనుకుంటాం.

హైదరాబాదులో మా బస్తీలోని ఒక తాపీపనివారి పిల్లవాడికి కొన్ని నెలలపాటు సాయంత్రాలు చదువు చెప్పాను. "కి" చూస్తే "క, ఇ" అని విడదీసి ఆగిపోయేవాడు. ఒకరోజు పాఠంలో "గేదె" అనే మాటను తప్పు లేకుండా పలికి, నా ముఖంలోకి చూశాడు. ధ్వని వచ్చింది గాని అర్థం రాలేదు. వాళ్ళింట్లో అది బర్రె. చొక్కా అంగి, కళ్ళు కండ్లు. పలక మీద "బర్రె" అని రాసి ఒకసారి చదివి చూపించాను. మర్నాడు తనంతట తనే చదివాడు. లిపి లెక్కన "గేదె" కంటే "బర్రె" కష్టం, అందులో వత్తు ఉంది. అయినా తన మాట కాబట్టి పట్టుబడింది.

అప్పటినుంచి రోజుకొక మాట అతన్నే అడిగి అట్టముక్క మీద రాసేవాణ్ణి. "రె" వచ్చాక ఆ ఆధారంతోనే రి, రు, రో నేర్పాను. అతను చెప్పిన రెండు వాక్యాలు నేను రాస్తే, వాటిని అతనే చదివేవాడు. పావుగంటకు మించి కూచోబెట్టలేదు. నలుగురి ముందు చదవమనలేదు. తడబడిన చోట మాట అందించాను. చివర ఒక కథ నేనే చదివి వినిపించేవాణ్ణి. అట్టముక్కలు నలభై దాటేసరికి కొత్త మాటలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు.

ఇది కొత్త సంగతి కాదు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా యాష్టన్ వార్నర్, పిల్లలు తమకు కావాలని అడిగిన మాటలనే అట్టల మీద రాసి ఇచ్చేది. మర్నాడు గుర్తుపట్టని మాటను పారేసేది. 1963లో వచ్చిన "టీచర్" అనే పుస్తకంలో ఆ అనుభవాన్ని రాసింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ గిడుగు రామమూర్తి (1863–1940). వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయన, పర్లాకిమిడి ప్రాంతంలో సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాడు. ఆయన భాషోద్యమాన్ని పండిత వివాదంగా మాత్రమే చదివే విద్యార్థులు ఈ సంగతి మరిచిపోకూడదు.

అయితే కష్టమంతా మాండలికం వల్లనే అనుకోవడం కూడా పొరపాటే. ముందు పిల్లవాడి చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. తెలివి ఉండి, తగిన బోధన దొరికీ, ఎంతకాలానికీ అక్షరం పట్టుబడని పిల్లలున్నారు. దీన్ని డిస్‌లెక్సియా అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. అలాంటి పిల్లలకు తెలిసినవాళ్ళ సహాయం, ఎక్కువ వ్యవధి కావాలి. దెబ్బలు పనికిరావు.

ప్రమాణభాష నేర్పవద్దనీ నేననడం లేదు. "గేదె" కూడా ఆ పిల్లవాడికి రావాలి. "బర్రె" తప్పని చెప్పి కాదు, దాని పక్కన మరో మాటగా రావాలి. అలాగే కోస్తా పిల్లలకు "బర్రె" రావాలి.

ఇక్కడే రచయితల పని ఉంది. ప్రజల భాషలో రాస్తున్నామని చెప్పుకునే మనం, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ప్రజల పిల్లల కోసం రాసింది ఎంత? చిన్న వాక్యం, తక్కువ వత్తులు, బరువైన విషయం – ఈ మూడూ కలిసిన వచనం రాయడం కష్టమే. నీతికథలతో, రాజకుమారులతో ఆ లోటు తీరదు. తన తండ్రి చేసే పని, తన బస్తీ, తన మాట అచ్చులో కనిపించాలి. ఒక్కో రచయిత తన వీధిలోని ఒక్క పిల్లవాడి దగ్గర కూచుని, అతని మాటల్లో నాలుగు పేజీలు రాసి, అతని చేతనే చదివించి చూడాలి. పిల్లవాడు ఆగిపోయిన ప్రతి చోటా ముందు వాక్యాన్ని అనుమానించాలి, పిల్లవాణ్ణి కాదు.