శుభలేఖలు 12, మాత్రల రోజులు 10

నాగాయలంకలో ఓ ఇల్లాలికి మాఘమాసంలో 12 శుభలేఖలు అందాయనుకుందాం. అవనిగడ్డలో 4, బందరులో 5, గుడివాడలో 3. ఒక్కటి మానేసినా "మా ఇంటికి మాత్రం తీరిక లేకపోయింది" అనే మాట పడాలి. ఆవిడకు మైగ్రేన్, మన వాడుకలో పార్శ్వపు నొప్పి. అందుకని బయల్దేరే ముందే ఓ సారిడాన్ వేసేసుకుంటుంది. నెలలో 12 రోజులు మాత్ర. చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది.

సారిడాన్‌లో పారాసిటమాల్, ప్రోపిఫెనజోన్, కెఫీన్ మూడూ కలిసి ఉంటాయి. తలనొప్పి ఉన్నవాళ్ళు ఇలాంటి కలగలుపు మాత్రలను నెలకు 10 రోజులు, ఒట్టి పారాసిటమాల్ అయితే 15 రోజులు చొప్పున 3 నెలలు దాటి వాడుతూ పోతే, ఆ మాత్రే కొత్త తలనొప్పిని తెచ్చిపెట్టగలదు. ముందుజాగ్రత్తకని వేసుకున్నదీ ఈ లెక్కలోకే వస్తుంది.

నెలకు 15 రోజులో అంతకంటే ఎక్కువో తలనొప్పి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు, 3 నెలలు దాటి ఇదే వరస: వైద్యులు దీన్నే దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. మందు పడకపోతే ఒకసారి వచ్చిన మైగ్రేన్ నొప్పి 4 నుంచి 72 గంటలు ఉంటుంది. పెళ్ళిపందిట్లో పట్టుకున్నది పదహారు రోజుల పండగ దాకా ఉండదు గానీ, సత్యనారాయణ వ్రతం దాకా ఉండగలదు.

మైగ్రేన్ అంటే పెళ్ళికి రాకుండా ఉండటానికి చెప్పే వంక అనుకునేవాళ్ళు పక్క రాష్ట్రం లెక్క చూడాలి. కర్ణాటకలో జరిపిన సర్వేలో ఏడాది వ్యవధిలో మైగ్రేన్ వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళలో 25 శాతం. ఆడవాళ్ళలో 31, మగవాళ్ళలో 18 శాతం పైనే. మన దగ్గరా అంతే అనుకుంటే, 100 ఆకులు వేసిన పంక్తిలో పాతికమంది. అందరూ నవ్వుతూనే వడ్డించుకుంటారు.

శుభకార్యమంటే తలంటు తప్పదు. తలస్నానం తర్వాత మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల గురించి ముంబయి వైద్యుడు కె. రవిశంకర్ 2006లో రాశారు. మీకూ అదే అనుభవమైతే తలంటు ముందురోజు కానిచ్చి, జుట్టు బాగా ఆరనివ్వండి. పెళ్ళిభోజనం రాత్రి 10 దాటుతుందని తెలిస్తే ఇంట్లోనే 7 గంటలకు తినేసి వెళ్ళండి. ఆకలి కూడా నొప్పిని రేపుతుంది. స్పీకర్లకూ జనరేటరుకూ దూరంగా కూర్చోండి. "వదినా, నొప్పొస్తే అక్షింతలేసి లేచొచ్చేస్తా, ఏమనుకోకు" అని ఒక్కరికైనా ముందే చెప్పండి.

గుడివాడ తాలూకాలో పుట్టి బందరులో చదివిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టారట. నలుగురు చేరిన చోటే తలనొప్పి కూడా చేరుతుందని ఆయన కనిపెట్టినట్టుంది. అమృతాంజనం రాసుకుంటే హాయిగా ఉంటుంది, మాత్రల లెక్కలోకీ రాదు. మైగ్రేన్‌ను ఆపుతుందని మాత్రం నమ్ముకోవద్దు.

నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందులు వేరే ఉన్నాయి. వాటి గుణం తేలడానికి సుమారు 2 నెలలు పడుతుంది, వారానికే మానేయకూడదు. నొప్పి ఉన్నట్టుండి పిడుగులా వచ్చినా, జ్వరమో చేయి చచ్చుబడటమో తోడైనా అది మైగ్రేనని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజుకు సున్న చుట్టండి, మాత్ర వేసిన రోజుకు అడ్డగీత కొట్టండి. అడ్డగీతలు పదికి దగ్గరపడుతుంటే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పెళ్ళివారూ, విడిదిలో ఒక గదికి లైట్లార్పి చాప పరిచి ఉంచండి.